ఊరు విడిచినవాళ్ల ఇంటిపేరు

మా ఇంటిపేరు ఇక్కడ రాయను. రాస్తే రేపు తెల్లారేసరికి మా గేటు ముందు నాలుగు ఆటోలు ఆగుతాయి. అందులోంచి దిగినవాళ్లంతా "మీరు మాకేమైతరు?" అని అడుగుతారు. మా నాన్న, అంటే మా బాపు, గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు గనుక, వచ్చిన ప్రతివాడికీ ఏదో ఒకటి అవుతాడు. చిన్నాయిన అవుతాడు, పెదనాయిన అవుతాడు, అవసరమైతే తాత అవుతాడు. ఎనభై దాటిన ఆ మనిషికి ఈ భూమ్మీద అన్నిటికంటే ఇష్టమైన పని, మా ఇంటిపేరున్నవాడు ఎక్కడ కనబడినా వాణ్ణి మావాణ్ణి చేసుకోవడం.

పేపర్లో ఎక్కడో మా ఇంటిపేరున్న అధికారి బదిలీ అయ్యాడని చిన్న వార్త పడితే చాలు. "మనోడు ఇల్లు మారుస్తుండు. పిల్లల సదువు ఏం గానో" అని పొద్దంతా పరేషాన్ అవుతాడు. టీవీలో కబడ్డీ ఆడే మా ఇంటిపేరు కుర్రాడికి కాలు బెణికితే ఆ పూట అన్నం ముట్టలేదు, సాయంత్రం ఆ కాలికి మా ఇంట్లో నూనె కాచాడు. ఒకసారి మాత్రం మా ఇంటిపేరుతో ఒక గొలుసుల దొంగ దొరికాడు. మేమంతా బాపు మొహం వంక చూశాం. ఆయన పేపరు మడిచి, "గాడు మనోడు గాదు. గొలుసులతోని మన ఇంటిపేరు సుత దొంగతనం జేసిండు" అన్నాడు. పోలీసులు ఆ కోణంలో దర్యాప్తు చేయలేదు గానీ మా ఇంట్లో మాత్రం కేసు అక్కడితో మూసేశాం.

మా ఇంటిపేరు నిజానికి ఒక ఊరి పేరు. మేముండేది బచ్చన్నపేట పక్కన. ఆ పేరున్న ఊరు ఉండేది భూపాలపల్లి దిక్కు, మొగుళ్లపల్లి దాటినంక. మా తాతకు తాత ఎవరో అక్కడి నుంచి బయల్దేరి ఇక్కడ దిగాడు. ఎందుకు దిగాడన్నదానికి బాపు దగ్గర ఒక కథ ఉండేది. రాజుగారి ఏనుగు బురదలో కూరుకుపోతే మా పూర్వీకుడు ఒక్క మోకుతో బయటికి లాగాడట. రాజు మెచ్చి ఊరు రాసిచ్చాడట. తర్వాత రాజుగారి బావమరిదికి కన్ను కుట్టి గొడవైతే, మావాడు ఆ ఊరిని ఎడమచేత్తో వదిలేసి వచ్చాడట. నా చిన్నప్పుడు ఆ కథలో ఏనుగు ఒకటే ఉండేది. నేను హైస్కూలుకు వచ్చేసరికి దానికి ఒక పిల్ల పుట్టింది. నా పెళ్లినాటికి అదొక మంద. మా నాయినమ్మ బతికున్నన్నాళ్లూ ఈ కథ విన్నప్పుడల్లా ఒకటే మాట అనేది. "ఏం ఏనుగు? ఏం రాజు? తిననీకె లేక వచ్చిన్రు. వచ్చి వచ్చి ఇంకింత ఎండినకాడికి వచ్చిన్రు."

ఆమె చెప్పింది నిజం. మా దగ్గరికి వాన చుట్టపుచూపుగా వస్తుంది, చెప్పులు కూడా విప్పదు. అయినా బాపు నమ్మింది ఏనుగులనే. ఆ జబ్బు నాకూ అంటుకుంది. ఈ రాతలో కూడా అక్కడక్కడ ఏనుగులు పిల్లల్ని పెట్టి ఉంటాయి, చూసీ చూడనట్టు పోండి. చివరికొచ్చేసరికి మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తాను. పెంచడానికి అక్కడ నాకేమీ మిగల్లేదు.

మా అన్న బిడ్డకు మహబూబాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం. ఒక ఆదివారం మధ్యాహ్నం జనగామలో నా ఎరువుల దుకాణానికి వచ్చింది. ఇంటికి పోకుండా ముందు దుకాణానికి వచ్చిందంటేనే ఏదో ఉందని అర్థం. దుకాణం ముందరి యూరియా బస్తా మీద కూర్చుని చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ,

"చిన్నాయినా, ఒక ముచ్చట జెప్పాలె. నవ్వద్దు" అంది.

"నేను నవ్వకుంటే ఈ దుకాణం నడ్వది. చెప్పు."

"ఒక పిల్లగాడున్నడు."

"ఉండాలె గద. నీ ఉద్యోగానికి, నీ అందానికి నలుగురుండాలె."

"చిన్నాయినా!"

"సరే, ఒక్కడే. ఎవలోళ్లు? ఇంటిపేరేంది?"

అది తలెత్తి, నా దుకాణం బోర్డు వైపు చూసింది. ఆ బోర్డు మీద ఎర్ర రంగుతో, మనిషి ఎత్తు అక్షరాలతో (సరే, మూరెడు అక్షరాలతో) ఉన్నది మా ఇంటిపేరు.

"గదే" అంది.

"ఏది గదే?"

"గా బోర్డు మీద ఉన్నదే."

నేను నవ్వలేదు. యూరియా బస్తా కూడా నవ్వలేదు.

మా దాంట్లో ఇంటిపేరు ఒకటైతే పాలోళ్లు అన్నట్టే. అంటే ఒకే తాత సంతానం, ఒకరి ఇంట్లో చావుకు ఇంకొకరి ఇంట్లో మైల పట్టేవాళ్లు. వాళ్లమధ్య ఆడపిల్లా మగపిల్లాడూ ఏ ఊళ్లో పుట్టినా, ఎన్నడూ మొహాలు చూసుకోకపోయినా అన్నాచెల్లెళ్లే. పెళ్లి మాట ఎత్తితే చెవులు మూసుకుంటారు.

"రిజిస్టర్ ఆఫీసుల చేస్కుంటే ఎవ్వలడగరు, నాకు ఎరుకే" అంది పిల్ల. "కని వాళ్లమ్మ ఒప్పుకోకుంట ఆయన చేస్కోడు. తాత లేని పెండ్లి నాకు సుత వద్దు. నువ్వు కతలు జెప్పుడు ఆపి, ఒక్కటి తేల్చు. వాళ్లు, మనం ఒకటేనా, కాదా? కాదని తేలితే చాలు."

ఎంత అన్యాయమో చూడండి. లోకంలో మా ఇంటిపేరున్న ప్రతివాడినీ మావాడే అని జీవితమంతా వాదించిన ఇంట్లో, మొట్టమొదటిసారి ఒకణ్ణి మావాడు కాదని నిరూపించాల్సి వచ్చింది. మాకు ఆ పనిలో అనుభవం శూన్యం.

మా అన్న ఒకప్పుడు ఉపసర్పంచ్. ఇప్పటికీ ఇంట్లో వాళ్లతో మైకులో మాట్లాడినట్టే మాట్లాడతాడు. "పాలోళ్లు గాదని పక్కా తేలితే నేనే ముందట నిలవడి డప్పులు గొట్టిస్త. తేలకపోతే గీ ముచ్చట మల్ల నా ఇంట్ల ఇనవడద్దు" అన్నాడు. పిల్లవాడి తండ్రిది మహబూబాబాద్ దగ్గర పల్లె, మిరపకాయల వ్యాపారం. ఆయనా అదే మాట అన్నాడట, కాకపోతే కొంచెం ఘాటుగా.

మొదట గోత్రాలు అడిగాం. మా గోత్రం ఏమిటో మాకెవరికీ తెలియదు. పూజ చేసే అయ్యగారు అడిగినప్పుడల్లా బాపు ఆయన నోట్లోంచి ముందు ఏ ఋషి పేరు వస్తే దానికి తలూపేవాడు. ఆ లెక్కన మేం ఋషులందరి సంతానం. వాళ్ల ఇంట్లోనూ ఇదే పద్ధతి. ఇంత పోలిక బయటపడేసరికి భయమేసి గోత్రాల సంగతి వదిలేశాం. తర్వాత ఇలవేల్పును చూశాం. మేం కొలిచేది ఎల్లమ్మను, వాళ్లు కొలిచేది మల్లన్నను. వేల్పు వేరైతే వంశం వేరనే లెక్క. పిల్ల ఆ రోజు ఫోన్లో అరిచిన అరుపుకు నా చెవి ఇప్పటికీ సరిగా వినపడదు. కానీ పిల్లవాడి తల్లి, "దేవుడు కోడండ్లతోని సుత ఇంట్లకొస్తడు. గదొక్కటి పట్టుకొని నేను ఒప్పుకోను. ఆ ఊరికే పోయి అడుగున్రి" అందట.

అట్లా, మా ఇంటిపేరు పుట్టిన ఊరికి ఆ ఇంటిపేరున్నవాళ్లం ఇద్దరం బయల్దేరాం. ఈ ఇంటి నుంచి నేను, ఆ ఇంటి నుంచి పిల్లవాడి తండ్రి.

హనుమకొండ బస్టాండులో కలుసుకున్నాం. మనిషి మంచివాడు, నాలాగే బట్టతల, నాలాగే పొట్ట. అక్కడ మొదలైంది మా కష్టం. ఒకరినొకరం ఏమని పిలుచుకోవాలి? "అన్నా" అన్నామా, మా నోటితోనే పెళ్లి చెడగొట్టినట్టు. "బావా" అన్నామా, కానిదాన్ని అయిందనుకున్నట్టు. పరకాల దాకా బస్సులో పక్కపక్కన కూర్చుని, "ఇగో", "వింటున్నరా", "ఆఁ, మీరే" అనుకుంటూ పోయాం. కొత్తగా పెళ్లైన మొగుడూపెళ్లాలు కూడా అంత సిగ్గుపడరు. టికెట్లు కొట్టే ఆమె మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "అన్నదమ్ములు గొడవ పెట్టుకున్నరా ఏంది?" అంది.

"అన్నదమ్ములం గాదు!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. వెనక సీటులో నిద్రపోతున్న పసిబిడ్డ లేచి ఏడ్చింది. ముందు పోతున్న లారీ కూడా పక్కకు తప్పుకున్నట్టు నాకు అనిపించింది.

మొగుళ్లపల్లిలో ఆటో మాట్లాడుకున్నాం. ఊరి పేరు చెప్పగానే ఆటో ఆయన విచిత్రంగా చూశాడు. "గాడికా? గాడ ఏముందని పోతరు?" అన్నాడు. మా పుట్టుపూర్వోత్తరాలు ఉన్నాయని చెబుదామనుకున్నాను గానీ ఆటో చప్పుడుకు ఆ మాట పెద్దదైపోతుందని ఊరుకున్నాను. పత్తి చేన్లు దాటాం. తర్వాత బొగ్గు లారీల దుమ్ము. ఒక ఇనుప కంచె దగ్గర ఆటో ఆపి, అవతల ఉన్న మట్టిగుట్టను చూపించాడు.

"గదే."

"ఊరేది?"

"గా గుట్ట అవతల బొంద ఉన్నది చూడున్రి. గా బొందే ఊరు. బొగ్గు కోసం తవ్విన్రు. ఊరోళ్లను కాలనీలకు పంపిన్రు."

అనుమతి లేని పని చేశాం. కంచె సందులోంచి దూరి గుట్ట ఎక్కాం. అవతల బొంద. నేను ఆ బొందను ఎలా పెంచి చెప్పాలా అని అలవాటు కొద్దీ నోరు తెరిచాను. మాట దొరకలేదు. ఉన్న నిజమే నా అబద్ధాలన్నిటికంటే పెద్దగా ఉండటం నా బతుకులో అదే మొదటిసారి. అడుగున పోతున్న పెద్ద పెద్ద లారీలు గండుచీమల్లా ఉన్నాయి. మా ఇల్లు ఏ మూలన ఉండేదో చూపించడానికి వేలు ఎటు పెట్టాలో కూడా మాకు తెలియదు. గాలి మాత్రమే ఉంది అక్కడ. మా ఇంటిపేరు అర్థం ఇప్పుడు అంతే. కొంత గాలి, దాని కింద నల్లటి గోడలు.

అదే ఆటోలో ఆ కాలనీకి పోయాం. వీధులన్నీ కొలతపెట్టి గీసినట్టున్నాయి. ఒక ఇంటి ముందు ఒక అవ్వ చాటలో కందులు చెరుగుతోంది. పక్కనే నిలబడి, మా ఇంటిపేరు మీ ఊరి పేరేనవ్వా, మావాళ్లు ఇక్కడి నుంచి పోయినవాళ్లే అని చెప్పాను. ఆమె చాట ఆపలేదు.

"ఊరి పేరా? మా ఊళ్లె ఎవ్వలకు గా ఇంటిపేరు లేదు కొడుకా."

"అదేంది అవ్వా?"

"ఊళ్లె ఉన్నోన్ని ఊరి పేరుతోని ఎవలు పిలుస్తరు? ఇడిసిపెట్టి పోయినోన్నే పిలుస్తరు. వాడు ఏ ఊళ్లె దిగితే గా ఊరోళ్లు, ఫలానా ఊరోడు వచ్చిండు అంటరు. గదే అతుక్కుంటది."

"మరి ఎవలెవలు పోయిన్రు? ఒక్క ఇంటోళ్లేనా?"

"కరువొస్తె ఒక్క ఇల్లే పోతదా? అన్ని ఇండ్లోళ్లు పోయిన్రని మా అత్త జెప్పేది. ఎవలెటు పోయిన్రో ఎవలకెరుక?" చాట కింద పెట్టి, మమ్మల్ని మొదటిసారి తేరిపార చూసింది. "ఊరు చూడనీకె వచ్చిన్రా? జర ముందుగాల రావొద్దా. గిప్పుడు మేం సుత పోయినోళ్లమే."

మేం ఆ చివరి మాట సరిగా వినలేదు. మా చెవులు ముందు మాటల దగ్గరే ఆగిపోయాయి. ఒక ఊరి నుంచి ఎన్నో ఇండ్లు తలో దిక్కుకు పోయాయి, పోయిన ప్రతివాడికీ అదే పేరు అతుక్కుంది. అంటే ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన రక్తం ఒకటి కానక్కర్లేదు. వాళ్లు మల్లన్నతో పోయినవాళ్లు, మేం ఎల్లమ్మతో పోయినవాళ్లం. పిల్ల గెలిచింది! కాలనీ మలుపు తిరిగాక పిల్లవాడి తండ్రి ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. ఒకసారి ఆకాశం చూశాడు.

"బావా," అన్నాడు. "ఛాయ్ తాగుదమా?"

మొగుళ్లపల్లిలో ఆ రోజు నేను తాగినంత తియ్యటి ఛాయ్ ఈ భూగోళం మీద ఇంకెవడూ తాగి ఉండడు. "బావా, ఇంకోటి?" "చాలు బావా." "అట్లెట్ల బావా?" హోటలాయనకు విసుగొచ్చి గ్లాసులు లాక్కునేదాకా బావా బావా అనుకుంటూనే ఉన్నాం.

మా అన్న విని, చాలాసేపు మైకు లేకుండా ఆలోచించి, "అయితె ఇగ అడ్డమేంది?" అన్నాడు. వదిన ఆ సాయంత్రమే పిల్లకు ఫోన్ చేసింది. బాపు మాత్రం పెళ్లి సంగతి సరే అని తలూపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి సంగతి అడిగాడు. నేను ఊరుకుంటానా? బొందను చేతులు చాపి, లేచి నిలబడి, మంచం ఎక్కి చూపించాను. బాపు నవ్వలేదు.

"నిజంగనే లేదారా?"

"లేదు బాపు."

"గుడి?"

"గుడి లేదు, బడి లేదు. ఏం లేదు."

"చేన్లు, చెలకలు?"

"బాపూ, నువ్వు గా ఊరికి ఎన్నడన్న పోయినవా?"

"పోలే" అన్నాడు. "ఏడికి పోతది, ఉంటది గద అని పోలే."

పిల్లవాడి తల్లి కూడా ఒప్పుకున్నాక వాళ్లంతా మా ఇంటికి వచ్చారు. పిల్లవాడి తాత కూడా వచ్చాడు, బాపు ఈడు మనిషి. ముసలివాళ్లిద్దరూ పొద్దంతా పక్కపక్కన కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకున్నారు. ఆయన దగ్గర ఏనుగు లేదు గానీ వాళ్ల తాత ఆ ఊళ్లో తవ్విన బావి ఒకటి ఉంది, దాని నీళ్లు కొబ్బరినీళ్లలా ఉండేవట. బాపు ఆయన బావిని నమ్మాడు. ఆయన బాపు ఏనుగును నమ్మాడు. ఇద్దరూ ఆ ఊరు చూడనివాళ్లే. పోయేటప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వదల్లేదు. మేం చూసి, సంబంధం కుదిరిన సంతోషం అనుకున్నాం.

నిశ్చితార్థానికి ముహూర్తం చూస్తుండగానే ఆ తాత నిద్రలోనే పోయాడు. పిల్లవాడి తండ్రి ఫోన్లో ఏడ్చాడు. "దినాలకు రాన్రి బావా" అన్నాడు. కాబోయే చుట్టాలుగా మేమంతా పోయాం. అన్న, వదిన, నేను, బాపు కారులో పోతే, పిల్ల మహబూబాబాద్ నుంచి నేరుగా వచ్చింది. మేం కూర్చోవలసిన చోటు షామియానా కింద, కుర్చీల్లో. పాలోళ్లు ఉండాల్సిన చోటు బాయికాడ. అక్కడ చనిపోయినాయన కొడుకులు, అన్నదమ్ముల కొడుకులు, మనుమలు వరుసగా కూర్చుని గుండ్లు గీయించుకుంటున్నారు. మా దిక్కు ఇది రాసిపెట్టిన చట్టం కన్నా గట్టిది. మైల పట్టినవాడే గుండు చేయించుకుంటాడు, పాలోడికే మైల పడుతుంది. వియ్యంకుడు ఎంత ఏడ్చినా నెత్తి మీద వెంట్రుకలతోనే ఏడవాలి.

బాపు కాళ్లు కడుక్కుంటానని లేచాడు. నేను తోడు పోలేదు. బాయి కనబడేంత దూరంలోనే ఉంది, పైగా ఎవరో నన్ను దుకాణంలో పొటాష్ ఉందా అని అడుగుతున్నారు. కాసేపటికి బాయికాడ మాటలు ఆగిపోయాయి. చూశాను. గుండ్లు గీసే ఆయన ముందు, రాయి మీద మా బాపు కూర్చుని ఉన్నాడు. తల వంచుకుని.

ఆ వయసులో కూడా బాపుకు దువ్వెన విరిగేంత ఒత్తు జుట్టు. నేను చెప్పులు లేకుండా, పంచె కాళ్లకు అడ్డం పడుతుంటే పరుగెత్తి చేరేసరికి సగం నెత్తి నున్నగా మెరుస్తోంది. ఇంకో సగం మీద తెల్ల జుట్టు నీళ్లు కారుతోంది.

"బాపూ! లెవ్వు! ఏం జేస్తున్నవ్?"

"కూసున్న. కనవడ్తలేదా?"

"నువ్వెందుకు కూసున్నవ్? మనం పాలోళ్లం గాదు! లెవ్వు!"

కత్తి పట్టుకున్నాయన నా వైపు చూశాడు. "నేనడిగిన అన్నా, నువ్వేమైతవు పెద్దాయనా అని. ఇంటిపేరు జెప్పిండు. గిప్పుడు సగం గీసినంక ఆపుమంటవా? గిట్లనే తోలుకపోతవా?"

అట్లా తీసుకుపోవడానికి వీల్లేదు. నేను నిలబడి ఉండగానే మిగతా సగం కూడా గీశాడు. తెల్ల జుట్టు బురదలో పడింది.

ఈలోగా అన్న వచ్చాడు, ఊరంతా వచ్చింది. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి, "ఒకటే అని నేను ముందుగాలనే అనుకున్న. పెద్దమనిషి తానై వచ్చి కూసున్నడు. ఇంకేం సాక్ష్యం గావాలె?" అన్నాడు. నేను చెప్పాను. కాలనీలో అవ్వ చెప్పిన మాట చెప్పాను, ఎల్లమ్మను చెప్పాను, మల్లన్నను చెప్పాను, ఒకటికి పది కలిపి చెప్పాను. ఆయన అంతా ఓపికగా విని ఒకటే అడిగాడు. "పాలోడు గానోడు తల ఇస్తడా?"

నేను బాయికాడి వరుస వైపు చూశాను. పెద్దవాడు, నడిపివాడు, చిన్నవాడు, తర్వాత మా బాపు. వరుసలో అందరి తలలూ ఒకేలా ఉన్నాయి.

పిల్లవాడి తండ్రి తడి గుండు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ఏదో అంటాడనుకున్నాను. కోప్పడతాడేమో, కోప్పడితే బాగుండనుకున్నాను.

"తమ్మీ," అన్నాడు మెల్లగా. "బాపును నీడకు కూసోవెట్టు. కొత్త గుండు, ఎండ తగుల్తది."

బాపును పంపుసెట్టు గది నీడలో కూర్చోబెట్టి అడిగాను. నాకు ఏడుపొస్తోంది, ఆయనకు రావడం లేదు.

"ఎందుకు బాపూ?"

"ఊరు లేదంటివి" అన్నాడు. "మంచమెక్కి చూపిస్తివి. ఇగ నాకెవలున్నర్రా? పేపర్ల సూసి మనోడు మనోడు అంటె వాళ్లెవ్వలన్న నా మొకం సూసిన్రా? గా పెద్దమనిషి ఒక్కడు నా పక్కపొంటి కూసోని, నా ఊరు ముచ్చట నాతోని చెప్పిండు. ఆయనకు సుత తల ఇయ్యకపోతె నేను ఏ ఊరోన్ని?"

"పిల్ల పెండ్లి యాదికి రాలేదా?"

అరచేత్తో నెత్తి తడుముకున్నాడు. మరిచిపోలేదని ఆ చెయ్యి ఆగిన తీరులోనే తెలిసింది.

"దానికి ఇంకో సంబంధం దొరుకుతది" అన్నాడు. "నాకు ఇంకో ఊరు దొరుకుతదా?"

తర్వాత నా వైపు చూడలేదు.

పిల్లా, ఆ పిల్లవాడూ ట్రాక్టరు వెనక నిలబడి మాట్లాడుకోవడం దూరం నుంచి చూశాను. వాడి గుండు మీద పసుపు నీళ్ల మరకలు. వాడే మాట్లాడాడు. మా పిల్ల ట్రాక్టరు టైరు మీద ఎండిన మట్టిని గోటితో గీకుతూ విన్నది. తిరిగి వచ్చాక, "ఏమన్నడు బిడ్డా?" అని అడిగాను.

"వాళ్లమ్మ అన్నం ముట్టనంటున్నదట."

అంతే చెప్పింది. ఆ ఒక్క మాటలో ఎన్ని మాటలున్నాయో నేను లెక్క కట్టగలను. ఇప్పుడు వాళ్లిద్దరూ ఏ ఆఫీసులో సంతకం పెట్టుకున్నా, రెండు ఊళ్లూ కలిసి పలికే మాట ఒకటే, అన్నాచెల్లెళ్లు. ఆ మాటను మోసుకుంటూ బతకడానికి వాడు సిద్ధంగా లేడు. వాణ్ణి తిట్టాలని చాలా వెతికాను. తిట్టు కూడా దొరకలేదు.

భోజనాలయ్యాక ఇంకొకటి మిగిలింది. దినాలు ముగిసే రోజు ఆ ఇంటి ఆడబిడ్డలను, అంటే ఆ వంశంలో పుట్టిన ఆడపిల్లలను, వరుసగా కూర్చోబెట్టి బొట్టుపెట్టి చీరె పెడతారు. ఒక్కరిని మరిచినా అది తరతరాల తప్పు. పిల్లవాడి తల్లి కళ్లు ఉబ్బి ఉన్నాయి. చీరెల మూట పట్టుకుని వరుస వెంట వచ్చి, చివరికి మా వైపు తిరిగింది. ఆమెలో పగ లేదు, వెక్కిరింత లేదు. చేయాల్సినది చేసే మనిషి ఆమె.

"ఇటు రా బిడ్డా" అంది. "నువ్వు సుత కూసో."

మా వదిన "అక్కా, వద్దు" అంటూ లేచింది. లేచేలోపే పిల్ల పోయి వరుస చివర కూర్చుంది. తల వంచింది. ఆమె బొట్టు పెట్టింది. పెడుతుంటే కుంకుమ ముక్కు మీద రాలితే, కొంగుతో తుడిచి, చీరె ఒళ్లో పెట్టింది. పచ్చ చీరె, ఎర్ర అంచు. వరుసలో అందరికీ అదే.

పిల్ల మహబూబాబాద్‌లో ఉండిపోలేదు. సెలవు పెట్టానని చెప్పి మాతోపాటే కారెక్కింది. అన్న బండి నడుపుతున్నాడు, వదిన కిటికీ వైపు తిరిగి ఉంది. చాలా దూరం పోయాక, తువ్వాలు నెత్తిన కప్పుకున్న బాపు పిల్ల వైపు వంగాడు.

"చీరె ఎట్లున్నది బిడ్డా? సూపియ్యవా?"

అది కవరులోంచి చీరె తీసి, ఒక మడత విప్పి, అంచు ఆయన చేతికిచ్చింది. ఆయన వేళ్లతో నలిపి చూశాడు.

"మంచిగున్నది తాతా" అంది.

మళ్లీ ఉన్న మడతల మీదనే మడిచి కవరులో పెట్టింది. జనగామ దాకా ఆ కవరు దాని ఒళ్లోనే ఉంది.